దాసోహ ద్రవ్యము – సంపాదన, సద్వినియోగము

లోకోపకారమునకై వెలసిన సంస్థ ఏదైనను దానికి ద్రవ్యము అవసరము. అది మఠము కావచ్చును, ఉచిత విద్యార్థి వసతి గృహము కావచ్చును, వైద్యశాల కావచ్చును. పొయ్యిలో కట్టె లేనిదే అన్నము ఉడుకదు. ఉపాధ్యాయునకు జీతము లేనిదే బడి సాగదు. ఇది ఎల్లరు ఎరిగిన సంగతియే. అయినను ద్రవ్యమును గూర్చి బాహాటముగా మాటాడుటకు అనేక సంస్థల పెద్దలు సంకోచింతురు. ధర్మకార్యమునందు డబ్బు ప్రస్తావన తెచ్చుట చిన్నతనమని వారి భావము. ఆ సంకోచము సహజమే గాని, దాని నీడలో రెండు పొరపాటు తలంపులు పెరుగుచున్నవి.

కార్యము మంచిదైనచో ధనము దానంతట అదియే వచ్చుననునది మొదటి తలంపు. ఈ నమ్మకముతో ఆరంభింపబడి, రెండు మూడు సంవత్సరములకే తాళము పడిన వసతి గృహములు, గ్రంథాలయములు తెలుగునాట కొన్ని కలవు. కార్యము మంచిది కనుక ధనము ఏ త్రోవన వచ్చినను దోషము లేదనునది రెండవ తలంపు. మొదటిది సోమరితనమునకు, రెండవది అధర్మమునకు దారితీయును. ఈ రెంటి నడుమ సాగవలసిన త్రోవ ఏది? పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందలి శరణులు ఈ ప్రశ్నను ఆలోచించుటయే గాక, ఆచరణలో పెట్టి చూపినారు. వారు చూపిన త్రోవకు కాయకము, దాసోహము అని రెండు పేర్లు. న్యాయమైన శ్రమచే ఆర్జించుట కాయకము. ఆర్జించిన దానిని "నేను దాసుడను" అను వినయముతో సమాజమునకు సమర్పించుట దాసోహము.

దానమునకును దాసోహమునకును భేదము కలదు. దానమునందు ఇచ్చువాని చేయి పైన ఉండును, పుచ్చుకొనువాని చేయి క్రింద ఉండును. దాసోహమునందు ఇచ్చువాడే సేవకుడు. కావున దాసోహ ద్రవ్యమునకు యజమాని అనువాడు ఉండడు. దానిని కాపాడి, చేరవలసిన చోటికి చేర్చువాడు మాత్రమే ఉండును. ఒక సంస్థ తన వనరులను గూర్చి ఏ నిర్ణయము చేయవలసి వచ్చినను ఈ ఒక్క భావము వెలుగు చూపగలదు.

భాండారి చూపిన మార్గము

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భాండారి. అనగా రాజ్యపు ధనాగారమునకు బాధ్యుడు. ఈ సంగతిని భక్తులు తరచుగా మరతురు. ఆయన జంగమార్చనకై రాజధనమును వ్యయము చేయుచున్నాడని గిట్టనివారు రాజు చెవిని వేసిన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి అందించినాడు. రాజు అనుమానించినాడు. ధనాగారము తెరువబడినది, లెక్క చూడబడినది, ధనము తరుగలేదని తేలినది. భక్తులు ఈ కథలో మహిమను చూతురు. చూడదగినదే. కాని అందు మరియొక పాఠము కూడ కలదు. అనుమానము పుట్టినప్పుడు బసవన్న తన భక్తిని సాక్ష్యముగా చూపలేదు. పెట్టె తెరచి లెక్క చూపినాడు.

నేడు ఒక ధర్మసంస్థ కార్యదర్శిని సభ్యుడెవ్వడైనను జమాఖర్చులను గూర్చి అడిగినచో, "ఇన్నేండ్లుగా సేవ చేయుచున్నాను, నన్నే శంకించుచున్నారా?" అని నొచ్చుకొనుట పరిపాటి. ఆ నొప్పి అర్థము చేసికొనదగినదే. అయినను లెక్క అడుగుట అవమానము కాదు. లెక్క చూపుట దాసోహములోని భాగమే. పది రూపాయలు ఇచ్చిన కూలివాడు ఆ పది రూపాయలు ఏమైనవో తెలిసికొనవలెనని కోరినచో అది అతని హక్కు. ధర్మసంస్థకు గల మొదటి వనరు ధనము కాదు, నమ్మకము. ధనము పోయినచో మరల కూర్చవచ్చును. నమ్మకము పోయినచో జోలె పట్టి ఊరూర తిరిగినను పిడికెడు గింజలు రాలవు.

లక్కమ్మ అడిగిన ప్రశ్న

శరణులలో ఆయ్దక్కి మారయ్య ఒకడు. కన్నడమున "ఆయ్ద" అనగా ఏరిన, "అక్కి" అనగా బియ్యము. భక్తుల ముంగిళ్లలో రాలిన బియ్యమును ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఆ బియ్యముతోనే దంపతులు దాసోహము నడిపెడివారు. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చు కొలతకు మించి బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. అవసరమునకు మించిన ఆశ ఎక్కడనుండి వచ్చెనని ప్రశ్నించి, అధికమును ఎక్కడిది అక్కడనే పోసి రమ్మని పంపినది.

ఈ కథ విన్న నిర్వాహకునకు ఒక ఆక్షేపణ తోచకమానదు. ఇద్దరు మనుష్యుల ఇల్లు నాటి బియ్యముతో నాడు గడచును. వందలాది పిల్లలు తినవలసిన వసతి గృహము అట్లు గడచునా? రేపటి వాన, ఎల్లుండి కరవు ఎవరెరుగుదురు? నిలువ లేనిచో మొదట పస్తుండువారు పిల్లలే కదా? ఈ ఆక్షేపణ బలమైనది. దానిని త్రోసివేయుట తగదు.

లక్కమ్మ మందలించినది దేనిని? బియ్యము మిగులుటను గాదు, అవసరమును దాటిన ఆశను. ఫలానా కార్యమునకు, ఫలానా కాలములోపల వినియోగింపవలెనని ముందుగా నిర్ణయించి కూర్చినది నిలువ. దేనికో తెలియక, ఎప్పటికో తెలియక, ఉన్నదను ధైర్యము కొరకు మాత్రమే కూర్చినది కూడబెట్టుట. వానకాలమునకు ముందు ఆరు నెలల బియ్యము కొని ఉంచుట నిలువ. పిల్లలకు రెండు పూటలకు తగ్గించి బ్యాంకు ఖాతా పెంచుట కూడబెట్టుట. మొదటిది వివేకము, రెండవది లక్కమ్మ వెనుకకు పంపిన బియ్యము.

ఆశ్చర్యమేమనగా, దేశపు చట్టము కూడ ఇంచుమించు ఇదే భేదమును పాటించుచున్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టము ప్రకారము, పన్ను మినహాయింపు పొందు ధర్మసంస్థ తన సంవత్సరాదాయములో నూటికి 85 వంతులు ధర్మకార్యమునకే వినియోగింపవలెను. 15 వంతులు నిలువ ఉంచుకొనవచ్చును. అంతకు మించి ఉంచుకొనవలెనన్నచో, ఏ కార్యమునకో వ్రాసియిచ్చి, ఐదేండ్లలోపల ఖర్చు చేయవలెను. 2025లో వచ్చిన నూతన చట్టమును ఈ సూత్రమును విడువలేదు. చట్టము దండనభయముతో చెప్పినదానిని లక్కమ్మ ధర్మభయముతో చెప్పినది. ఒక సంస్థ సమావేశమందు నిలువ ధనము ప్రస్తావనకు వచ్చినపుడు అడుగవలసిన ప్రశ్నలు రెండే: ఇది దేనికి? ఎప్పటి వరకు?

అనేక హస్తముల బలము

ధనము ఎవరినుండి కూర్చవలెను? ఒక చిన్న లెక్క ఇచట ఉపకరించును. ఒక వసతి గృహమున నూరుగురు పిల్లలు ఉన్నారనుకొందము. తలకు దినమునకు 400 గ్రాముల బియ్యము చొప్పున దినమునకు 40 కిలోలు. సంవత్సరమున 300 దినములు గృహము నడచినచో 120 క్వింటాళ్లు. ఇది వినుటకు పెద్ద సంఖ్య. కాని ఒక ఇల్లాలు దినమునకు ఒక పిడికెడు బియ్యము, అనగా సుమారు 30 గ్రాములు, వేరుగా ఒక కుండలో వేసినచో ఏడాదికి దాదాపు 11 కిలోలు అగును. కావున 1,100 ఇండ్లు పూనినచో నూరుగురు పిల్లలకు ఏడాది బియ్యము సమకూరును. ఏ ఇంటికిని అది భారము కాదు.

పూర్వులు ముష్టిభిక్ష అను పేర నడిపిన ఈ ఆచారమునందు బియ్యముకంటె విలువైనది మరియొకటి కలదు. 1,100 ఇండ్లలో పది ఇండ్లు మానుకొన్నను పిల్లలు పస్తుండరు. ఒకే దాత పోషించు సంస్థలో ఆ ఒక్కరి మనసు మారినచో పొయ్యి ఆరును. అంతకంటె ముఖ్యముగా, దినము పిడికెడు బియ్యము వేయు ఇల్లాలు ఆ వసతి గృహము తనదని భావించును. పిల్లలు ఎట్లున్నారని అడుగును, పండుగనాడు చూడవచ్చును, తప్పు జరిగినచో నిలదీయును. ఆ నిలదీయు హక్కే సంస్థకు రక్ష.

తుమకూరు సమీపమందలి సిద్ధగంగా మఠము ఈ మార్గమునకు ప్రత్యక్ష నిదర్శనము. 1907లో జన్మించి 2019లో లింగైక్యము చెందిన శ్రీ శివకుమార స్వామివారి కాలమున ఆ మఠము కులమత భేదము లేక వేలాది పిల్లలకు అన్నము, వసతి, విద్య కల్పించు క్షేత్రముగా పెరిగినది. ఆ పొయ్యి వెనుక ధనికుల విరాళములు ఉన్నమాట నిజమే. కాని పంట ఇంటికి రాగానే మఠపు భాగమని ధాన్యము, కూరగాయలు తెచ్చి దింపు రైతుల భక్తియు అంతే ముఖ్యమైనది. ఇచ్చినవారి పిల్లలు, ఏమియు ఇయ్యలేనివారి పిల్లలు ఒకే పంక్తిలో కూర్చుండి తినుటయే ఆ ధాన్యమునకు అసలైన రసీదు.

పెద్ద విరాళములు కూడదని దీని అర్థము కాదు. శిరసంగి లింగరాజ దేశాయి తన యావదాస్తిని విద్యార్థుల చదువులకై మరణశాసనము ద్వారా విడిచిపెట్టినాడు. ఆయన 1906లో గతించినను, ఆ ఆస్తి తరతరముల విద్యార్థులకు ఆసరా అయినది. దాత తన ఉద్దేశమును స్పష్టముగా వ్రాసి, దానిని నడుపు బాధ్యతను తన వారసులకు గాక ఒక ధర్మనిధికి అప్పగించుట ఆ ఫలమునకు కారణము. అటులనే 1916లో బెళగావియందు ఏడుగురు ఉపాధ్యాయులు కలిసి కర్ణాటక లింగాయత విద్యాసంస్థను ఆరంభించినారు. వారు భూస్వాములు కారు, వర్తకులు కారు. వారివద్ద ఉన్నది తమ విద్య, తమ కాలము. వాటినే పెట్టుబడిగా పెట్టినారు. ధనము వెనుక వచ్చినది. నేడు కె.ఎల్.ఇ. అను పేర ప్రసిద్ధమైన ఆ సంస్థ వృత్తాంతము, మనుష్యుల శ్రమయు ఒక వనరేనని చాటుచున్నది.

ఈ కాలమున మరియొక ద్వారము కూడ తెరువబడినది. 2013 నాటి కంపెనీల చట్టము నిర్ణీత పరిమాణము మించిన కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెనని విధించినది. 2014 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చినది. రిజిస్ట్రేషను, ఆడిటు మొదలైనవి సక్రమముగా ఉన్న సంస్థలు ఈ సహాయము కోరవచ్చును, కోరుటయే ఉచితము. అయితే అట్టి ధనము సాధారణముగా ఒక నిర్ణీత పథకమునకు, నిర్ణీత కాలమునకు కట్టుబడి వచ్చును. దానితో ఒక ప్రయోగశాల కట్టవచ్చును. నిత్యాన్నదానమును దానిపై ఆనించినచో, పథకము ముగిసిననాడు పంక్తియు ముగియును. నిత్యకృత్యమునకు పిడికెడు బియ్యము, విశేష కార్యమునకు పెద్ద విరాళము అను క్రమము క్షేమము.

ఏ ధనము గ్రాహ్యము?

అన్నిటికంటె చిక్కైన ప్రశ్న ఇది. లంచముతోను, అక్రమ వడ్డీతోను, కూలివాని కడుపు కొట్టియు గడించిన ధనమును మఠము గ్రహింపవచ్చునా? కొందరందురు: "ధనమునకు మలినము లేదు, పాపి చేతినుండి పేదవాని పొట్టకు చేరుటే దానికి శుద్ధి." ఈ మాటయందు కొంత కరుణ కలదు గాని, పూర్తి సత్యము లేదు. శరణుల దృష్టిలో దాసోహము కాయకమునకు ఫలము. కాయకము శుద్ధము కానిదే దాసోహము శుద్ధము కాదు. త్రాళ్లు పేని అమ్మెడి నులియ చందయ్య, తన త్రాటికి అధికమైన వెల వచ్చినప్పుడు దానిని నిరాకరించి, న్యాయమైన వెలయే చాలుననెనని శరణచరితలు చెప్పును. తనకు వచ్చిన లాభమునే అంతగా శోధించిన వారి మార్గమున నడచు సంస్థ, తన పెట్టెలోనికి వచ్చు ధనమును శోధింపకుండుట ఎట్లు?

అయితే ప్రతి దాత జీవితమును విచారించుట సంస్థకు సాధ్యము కాదు, తగదు కూడ. సాధ్యమైనది మరియొక పరీక్ష. ఈ దాత ఇచ్చుచున్నదానికి బదులుగా ఏమి కోరుచున్నాడు? పేరు చెక్కిన ఫలకము కోరినచో అది మనుష్య సహజము, ఇయ్యవచ్చును. తన బంధువునకు ఉద్యోగము, తన వారికి ప్రవేశము, తన తప్పునకు మఠపు మౌనము కోరినచో అది దాసోహము కాదు, బేరము. ఆ విరాళమును స్వీకరించిన దినముననే సంస్థ తన నోటిని అమ్ముకొన్నదగును. ఊరిలో అన్యాయము జరిగినప్పుడు పీఠము మాటాడలేకపోయినచో, కారణము తరచుగా ఆ పీఠము క్రింది రసీదు పుస్తకములో దొరకును. కొంత ధనమును వలదనగల శక్తి లేని సంస్థ ఎంత సంపన్నమైనను దరిద్రమే.

వినియోగమునందలి ధర్మము

కూర్చుట సగము, వినియోగించుట తక్కిన సగము. 1951 ఏప్రిల్ 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరములు ఇచ్చుటతో వినోబా భావే భూదానోద్యమము ఆరంభమైనది. దేశమంతట 40 లక్షల ఎకరములకు పైగా భూమి దానముగా వచ్చినది. అంత మహత్తర త్యాగములోను గణనీయమైన భాగము సాగునకు పనికిరాక, వివాదములలో చిక్కి, లేక పంపిణీయే జరుగక, పేదవాని నాగలిక్రిందికి రాలేదు. ఇచ్చువారి హృదయము ఎంత గొప్పదైనను, పుచ్చుకొన్నదానిని చేర్చు ఏర్పాటు లేనిచో దానము కాగితముపై నిలిచిపోవును.

దీనికి ఎదురుగా మరియొక దృష్టాంతము. 1976లో ప్రభుత్వోద్యోగమునుండి విరమించిన డాక్టరు జి. వెంకటస్వామి 58 ఏండ్ల వయస్సున మదురైలో 11 పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించినాడు. ఇయ్యగలవారి వద్ద రుసుము తీసికొని, ఇయ్యలేనివారికి ఉచితముగా చికిత్స చేయుట ఆ సంస్థ పద్ధతి. అంతకంటె గమనింపదగినది అచటి పొదుపు. శస్త్రచికిత్స గదిలో ఒక బల్లపై వైద్యుడు పని ముగించునప్పటికి ప్రక్క బల్లపై మరియొక రోగి సిద్ధముగా ఉండును. వైద్యుని కాలములో ఒక్క నిమిషము వ్యర్థము కాదు. కంటిలో అమర్చు కృత్రిమ కటకములు విదేశములనుండి కొనుట ఖరీదైనందున 1992లో వాటిని తామే తయారుచేయ నారంభించినారు. ఆ పొదుపు వారి వైద్యశాలలకే గాక ఇతర దేశములందలి పేదలకును దృష్టినిచ్చినది. అత్యంత అరుదైన వనరు ఏదో గుర్తించి, అది వ్యర్థము కాకుండ తక్కినవన్నియు అమర్చుట ఇచటి రహస్యము. ఒక బడిలో ఆ అరుదైన వనరు మంచి ఉపాధ్యాయుడు. అతనిని చందాల వసూలునకు, కల్యాణమండపపు తాళముల కాపలాకు త్రిప్పు యాజమాన్యము ధనము కంటె విలువైనదానిని పారబోయుచున్నది.

తెలుగునాట ధర్మసంస్థలకు తరచుగా పట్టు వ్యాధి కట్టడముల మోజు. భవనమునకు దాతలు సులభముగా దొరకుదురు. ఏలనన శిలాఫలకము భవనమునకే ఉండును గాని పప్పుచారునకు ఉండదు. పాలరాతి సభాభవనము లేచును. దానిని ఊడ్చువానికి జీతము ఉండదు. కావున క్రొత్త భవనము తలపెట్టినపుడే దాని వార్షిక పోషణ వ్యయమును లెక్కించి, ఆ మొత్తమును ఇచ్చు మార్గము చూచిన పిదపనే పునాది త్రవ్వవలెను.

మరియొక దోషము సేవ అను పేర జరుగు అన్యాయము. వంటవాడు, కాపలాదారు, వసతి గృహపు వార్డెను – వీరికి చాలని జీతమిచ్చి, "ఇది సేవ, పుణ్యము వచ్చును" అని చెప్పుట కొన్నిచోట్ల ఆచారమైనది. స్వచ్ఛందముగా సేవ చేయువారు వేరు. ఇల్లు గడువక పనిచేయువారు వేరు. రెండవవారి కాయకమునకు న్యాయమైన ఫలము ఇయ్యక మిగిల్చిన ధనముతో నడచు అన్నదానము, ఒకరి ఆకలి తీర్చుటకు మరియొకరి ఆకలిని వాడుకొనుటయే. శరణుల కల్యాణమున చాకలి, అంబిగుడు, చర్మకారుడు మంత్రితో సమానముగా కూర్చుండిరి. వారి పేర నడుచు సంస్థలో వంటవాని పిల్లలు ఫీజు కట్టలేక బడి మానినచో ఆ కూర్చుండుటకు అర్థమేమి?

ఆచరణకు కొన్ని నియమములు

పెద్ద మాటలు చిన్న అలవాట్లయందే నిలుచును. ఎంత చిన్న మొత్తమునకైనను వరుససంఖ్య గల రసీదు ఇయ్యవలెను. బ్యాంకునుండి ధనము తీయుటకు ఇద్దరి సంతకములు ఉండవలెను. ఒక కార్యమునకు వచ్చినదానిని మరియొక కార్యమునకు, అది ఎంత అత్యవసరమైనను, దాతకు తెలుపక మార్చరాదు. ధర్మకర్తల బంధువులతో సంస్థ బేరములు చేయకుండుట మేలు. చేయక తప్పనిచో అది సభలో చెప్పి, వ్రాసి చేయవలెను. సంవత్సరాంతమున ఆడిటు అయిన లెక్కను తెలుగులో, ఒక్క పుటలో, చదువుకొన్న ఏ ఇల్లాలికైనను అర్థమగునట్లు వ్రాసి, మఠపు ద్వారము వద్ద అంటించవలెను. వస్తురూపమున వచ్చిన ధాన్యమునకు కూడ తూకపు పుస్తకము ఉండవలెను. పురుగు పట్టి పారవేసినది ఎంతో అందు వ్రాయు ధైర్యము ఉండవలెను. పెద్దలు గతించిన పిదప కార్యము ఆగకుండునట్లు, పిన్నవారిని ఇప్పటినుండియే లెక్కల వద్ద కూర్చుండబెట్టవలెను.

వీటిలో ఏదియు కష్టమైనది కాదు, ఖర్చుతో కూడినది కాదు. కష్టమైనది ఒక్కటే: చేతిలో తాళపుచెవి ఉన్నంత కాలము, పెట్టె తనది కాదని జ్ఞాపకముంచుకొనుట. ఆ జ్ఞాపకము గల భాండారి ఉన్న చోట పిడికెడు బియ్యము చాలును. అది లేని చోట కోట్లు వచ్చినను పంక్తి చివరి బాలుని ఆకులోనికి అన్నము రాదు. దాసోహము ఎంత జరిగినదో తెలిసికొన గోరువారు పెట్టెలోని ధనమును గాక, ఆ చివరి ఆకును చూడవలెను.